మూడో ప్రశ్న

అనగనగా సముద్రం నడుమ ఒక దీవి. ఆ దీవిలో ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక వైద్యుడు. హస్తవాసి మంచిదని పేరు. ఆవలి దీవుల నుంచి కూడా జనం పడవలు కట్టుకుని ఆయన గుమ్మం దగ్గరకు వచ్చేవాళ్ళు.

ఆయనకో అలవాటుండేది. ఎవరొచ్చినా మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఎక్కడ నొప్పి? ఎన్నాళ్ళ నుంచి? మూడోది, వైద్యం చెయ్యమంటావా? మొదటి రెండూ ఏ వైద్యుడైనా అడిగేవే. మూడోదానికే జనం విసుక్కునేవాళ్ళు.

“చేయించుకోవడానికే గదయ్యా ఇంత దూరం వచ్చింది!”

“వచ్చావులే. అయినా అడుగుతాను. ఒళ్ళు నీది, కత్తి నాది. అడక్కుండా కోస్తే దారి కాచి దోచేవాడికీ నాకూ తేడా ఏముంటుంది?”

ఒకసారి ఓ బెస్తవాడి కాలివేలికి చేపముల్లు దిగి కుళ్ళు పట్టింది. వేలు తియ్యకపోతే కాలు పోతుంది, కాలు పోయాక ప్రాణమే పోతుంది. వాడు ససేమిరా అన్నాడు. పడవ మీద నిలబడేది ఆ వేలి ఆసరాతోనేనని వాడి బాధ. నలుగురు కుర్రాళ్ళు ముందుకొచ్చి “మేం పట్టుకుంటాం, మీరు కానివ్వండి” అన్నారు. వైద్యుడు వాళ్ళను పంపేసి, బెస్తవాడి అరుగు మీద చాప పరుచుకుని కూర్చున్నాడు. ఆ రాత్రి అక్కడే పడుకున్నాడు. మర్నాడు కూడా అక్కడే. వాడు తిడితే విన్నాడు, ఏడిస్తే ఊరుకున్నాడు. మూడో రోజు పొద్దున వాడే కాలు చాపి, “కానియ్” అన్నాడు. వేలు పోయింది, మనిషి బతికాడు. ఆర్నెల్లకు మళ్ళీ పడవ మీద నిలబడ్డాడు, కాస్త వంకరగా.

ఊరిపెద్ద కాలం చేశాక జనం ఇంకెవరి పేరూ తలవలేదు. ఒంటిని చూసుకునేవాడు ఊరిని చూసుకోలేడా అన్నారు. వైద్యుడు పెద్దయ్యాడు. నిజం చెప్పాలంటే బాగానే చూసుకున్నాడు. బావులు తోడించాడు, పందులకు దొడ్లు కట్టించాడు, వానకాలం ఇళ్ళలోకొచ్చే నీళ్ళకు కాలవ తవ్వించాడు.

ఏటి మొగ దగ్గర చేపలు ఎండబెట్టుకుని బతికే పన్నెండు మంది ఆడవాళ్ళుండేవాళ్ళు. తాటాకు గుడిసెలు, ముందు వెదురు తడికెలు, తడికెల మీద చేపలు, చేపల మీద ఈగలు. గాలి ఇటు తిరిగితే ఊరంతా ముక్కు మూసుకునేది. ఆ ఏడు ఊళ్ళోకి జ్వరాలొచ్చాయి. ఆ కంపు వల్లే వచ్చాయని ఒకరన్నారు, ఔనని పదిమందన్నారు. పెద్దమనుషులు వైద్యుడి ఇంటికొచ్చి, “ఊరికి పట్టిన పుండు అది. కోసెయ్యాల్సింది మీరే” అన్నారు.

పుండు అనే మాట వినగానే ఆయన చేతికి కత్తి గుర్తొచ్చింది. ఊరంతా ఒకే ఒళ్ళయినట్టూ, ఏటి మొగ అందులో చీము పట్టిన చోటయినట్టూ ఆయనకు తోచింది. అలా తోచాక ఇక ఆలోచించాల్సిందేమీ కనబడలేదు. అమావాస్య రాత్రి ఆ పన్నెండు మందినీ లేపి పడవలెక్కించారు. ఆవలి దీవిలో కొబ్బరితోటల ఆసామికి పనివాళ్ళుగా అప్పజెప్పారు. గుడిసె తలుపు గొళ్ళెం పెట్టుకుని వస్తానన్న ఒకామెతో పడవవాడు, “ఎందుకమ్మా, తెల్లారేసరికి వచ్చేస్తావుగా” అన్నాడు.

పొద్దున్నే లేచిన ఊరు గాలి పీల్చి చూసి మురిసిపోయింది. మూడు రోజులు ఆయన్ను పొగిడారు. నాలుగో రోజు గంజిలోకి ఎండుచేప లేదు. ముక్కు మూసుకున్నవాళ్ళంతా రోజూ తింటున్నది ఆ చేపలేనని అప్పుడు తెలిసొచ్చింది గానీ, ఎవరూ పైకనలేదు.

ఆ సాయంత్రం ఊరి మంత్రసాని ముసలమ్మ కర్ర పోటేసుకుంటూ వైద్యుడి దగ్గరకొచ్చింది.

“నొప్పిగా ఉంది నాయనా.”

“ఎక్కడవ్వా?”

“ఏటి మొగ దగ్గర.”

ఆయనకు అర్థమైంది. అయినా అలవాటు కొద్దీ నోరు ఆగలేదు. “ఎన్నాళ్ళ నుంచి?”

“నాలుగు రోజుల నుంచి.”

ముసలమ్మ ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఆయన ఏమీ అనలేదు.

“మూడోది అడగవేం నాయనా?”

“వాళ్ళు రోగులు కారవ్వా. రోగి ఊరు. ఊరు ఒప్పుకునే చేశాను.”

“ఊరు రోగయితే మరి వాళ్ళెవరు?”

ఆయన కాసేపు నసిగాడు. “ఏం చెప్పమంటావు... పుండు.”

“నిరుడు వానల్లో వాళ్ళలో ఒకతెకు బిడ్డ అడ్డం తిరిగితే, నా వల్ల కాక నిన్ను పిలిచాను. తెల్లవార్లూ కష్టపడి ఇద్దర్నీ దక్కించావు. పుండుకి పురుడు పోశావా నాయనా?”

ఆయన తలొంచుకున్నాడు. తర్వాత, “అక్కడ వాళ్ళకు బాగానే ఉంటుందవ్వా. పనుంది, కూలి దొరుకుతుంది” అన్నాడు.

“అని వాళ్ళు చెప్పారా?”

“...”

“పోనీ, తెప్పించు. వాళ్ళ నోటితోనే వింటాను.”

“ఇప్పుడు వాళ్ళు ఆసామి చేతిలో ఉన్నారు, నా చేతిలో లేరు. మధ్యలో సముద్రం ఉంది.”

“పంపేటప్పుడు నీ చేతికి అడ్డం రాని సముద్రం తెచ్చేటప్పుడు వచ్చిందా?”

ఊరు కూడింది. వైద్యుడే పడవ కట్టుకుని వెళ్ళాడు. కొందరు వెంట వచ్చారు. ఒకామె అక్కడే ఒకడిని మనువాడి, రానంది. ఇంకొకామె ఎటు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఊరు ఆయనకు ఒక పంది తప్పు వేసింది. అంతటివాడికి తప్పు వెయ్యడమేమిటని కొందరు, మనుషులు పోతే పందితో సరిపెడతారా అని కొందరు. ఆయన మారుమాట్లాడకుండా ఇచ్చి, పెద్దరికం వదిలేసి మళ్ళీ మందులపెట్టె తెరిచాడు. జనం రావడం మానలేదు. అయితే ఇప్పుడు ఆయన నోరు తెరవక ముందే గుమ్మంలో నిలబడి వాళ్ళే అడుగుతున్నారు: “నన్నడక్కుండా ఏమీ చెయ్యవు గదా?”

నీతి

రోగిని అడగని చెయ్యి వైద్యుడి చెయ్యి కాదు. మందు మంచిదే కావచ్చు, మనసూ మంచిదే కావచ్చు.

ఇంత పొట్టిగా చెబితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. తలూపి పేజీ తిప్పేస్తారు. అందుకే జరిగిన సంగతి కూడా చెప్పాలి. ఏటి మొగ, ఎండుచేపలు, ముసలమ్మ నేను అల్లినవి. పడవలు మాత్రం నిజం. అవి 1918 అక్టోబరు 25 రాత్రి మనీలా రేవు నుంచి కదిలాయి. పంపినవాడు డాక్టర్ జుస్తో లుక్బాన్, మనీలా మేయరు.

లుక్బాన్ దుర్మార్గుడైతే నీతికథకు పనికొచ్చేవాడు కాదు. 1863లో ఫిలిప్పీన్స్‌లోని కమరీనెస్ ప్రాంతంలో, లాబో అనే ఊళ్ళో పుట్టాడు. మనీలాలో వైద్యం చదివాడు. స్పెయిన్ మీద తిరుగుబాటు గెలిచి, ఫిలిప్పీన్స్ తనను తాను గణతంత్రమని చాటుకున్నప్పుడు మాలోలోస్‌లో కూర్చున్న కాంగ్రెస్‌లో ఆయనా ఉన్నాడు. అన్న విసెంతే లుక్బాన్, స్పెయిన్ తర్వాత దేశాన్ని ఏలవచ్చిన అమెరికన్ సైన్యానికి సామార్ దీవిలో ఎదురొడ్డి నిలిచిన సేనాని, 1902 ఫిబ్రవరిలో పట్టుబడేదాకా అడవిలోనే ఉన్నాడు. తమ్ముడిది చట్టసభల దారి. స్వాతంత్ర్యం కావాలన్న నాసియొనలిస్తా పక్షాన నిలబడి, మనీలా నుంచి ఫిలిప్పీన్ అసెంబ్లీకి వెళ్ళాడు.

ఆ తరంలో ఫిలిప్పీన్స్ రాజకీయాల్లో ఎటు చూసినా డాక్టర్లే. హోసే రిసాల్ కంటి డాక్టరు. 1901లో అమెరికన్లు తమ పాలనా కమిషన్‌లోకి తీసుకున్న మొదటి ముగ్గురు ఫిలిప్పీనోల్లో ఒకడైన పర్దో దె తవేరా డాక్టరు. మనీలా కార్మికులను కూడగట్టి, 1907లో అసెంబ్లీకి గెలిచిన దొమినదోర్ గోమెస్ కూడా డాక్టరే. ఇందులో వింతేమీ లేదు. స్పెయిన్ ఏలుబడిలో సైన్యంలోనూ చర్చిలోనూ పై మెట్లు దేశీయులకు అందేవి కావు. చదువుకున్న కుర్రవాడికి మిగిలినవి న్యాయశాస్త్రం, వైద్యం. అందులోనూ డాక్టరుకు ధనికుడి మేడ, పేదవాడి గుడిసె రెండూ తెలుస్తాయి.

ఆ అసెంబ్లీ గురించి రెండు ముక్కలు. 1907 జూలై 30న ఎన్నికలు, అక్టోబరు 16న మనీలా గ్రాండ్ ఒపేరా హౌస్‌లో ప్రారంభం. సభ్యులు 80 మంది, స్పీకరు సెర్జియో ఒస్మేన్యా. పైన అమెరికన్ల కమిషన్ ఉండనే ఉంది, అది ఒప్పుకోనిదే ఏ బిల్లూ చట్టం కాదు. ఓటు హక్కు 23 ఏళ్ళు నిండిన మగవాళ్ళకే. వాళ్ళలోనూ ఇంగ్లీషో స్పానిషో చదవను రాయను వచ్చి ఉండాలి, లేదా 500 పెసోల ఆస్తి ఉండాలి, లేదా ఏడాదికి 30 పెసోల పన్ను కట్టాలి, అదీ కాకుంటే అంతకుముందు ఊళ్ళో ఏదో పదవి చేసి ఉండాలి. దేశం మొత్తం మీద ఓటర్లు లక్షకు కాస్త ఎక్కువ. ఇంత ఇరుకు గదిలో నిలబడి కూడా, మా దేశాన్ని మేమే ఏలుకోగలం అని ఆ సభ అమెరికాకు చెబుతూ వచ్చింది. లుక్బాన్ ఆ మాట నమ్మినవాడే.

1917లో మనీలా మేయరయ్యాడు. అప్పటి మేయరు జనం ఎన్నుకునే పదవి కాదు, ప్రభుత్వం నియమించేది. మనీలాలో సంపాలోక్ అనే పేట, అందులో గార్డెనియా వీధి. పడుపు వృత్తిలో ఉన్న స్త్రీలు అక్కడే ఉండాలని ప్రభుత్వమే కొన్నేళ్ళపాటు అనుమతించి, ఒక హద్దు గీసి పెట్టింది. ఆ వీధిని మూయించాలని కొత్త మేయరు నిశ్చయించాడు. మూయించడం మీద నాకేమీ పేచీ లేదు. మూయించిన తీరు మీదే పేచీ అంతా.

అక్టోబరు 16 నుంచి 25 దాకా ఆ ఇళ్ళ చుట్టూ పోలీసుల కాపలా. లోపలివాళ్ళు బయటికి రాకూడదు. ఆ పది రోజుల్లో బయట పని చకచకా సాగిపోయింది. కార్మిక శాఖతో మాట్లాడారు, దావావోకు కూలీలుగా పంపాలని. తీర రక్షణ ఓడలు రెండు, కొరెహిదోర్, నెగ్రోస్, సిద్ధం చేయించారు. కాపలాకు కాన్‌స్టాబ్యులరీ సిపాయిలను అడిగారు. 25 అర్ధరాత్రి పోలీసు అధిపతి ఆంటన్ హోమన్ మనుషులు ఆ ఇళ్ళ మీద పడి సుమారు 170 మంది స్త్రీలను బళ్ళెక్కించి రేవుకు తోలారు. సామాను సర్దుకోనివ్వలేదు. విచారణకని పోలీసు స్టేషనుకు తీసుకెళ్తున్నారని వాళ్ళు అనుకున్నారు. నాలుగు రోజుల తర్వాత, 29న, మిందనావో దీవి ఆగ్నేయ తీరాన ఉన్న దావావోలో దింపారు. అక్కడి గవర్నరు ఫ్రాన్సిస్కో సాలెస్, తోటల ఆసామి ఫెలిసియానో ఇన్యిగో కూలీలు ముట్టినట్టు రసీదు ఇచ్చారు. వచ్చినవాళ్ళెవరో, ఎలా వచ్చారో ముందుగా వాళ్ళకూ ఎవరూ చెప్పలేదు.

ఎన్ని శాఖలు, ఎన్ని సంతకాలు, ఎంత బొగ్గు! ఓడ కెప్టెన్ నుంచి తోట యజమాని దాకా అందరితోనూ మంతనాలు జరిగాయి, ఆ 170 మందితో తప్ప. ఇంకొక్క మాట కూడా చెప్పాలి. ఆ వీధికి రాత్రిళ్ళు వచ్చిపోయిన మగవాళ్ళలో ఒక్కణ్ణీ ఏ ఓడా ఎక్కించలేదు.

డాక్టరుకు ఈ ఆలోచన ఎక్కడిది? ఆయన మనసులోకి మనం తొంగి చూడలేం గానీ, ఆ కాలపు గాలి ఎటు వీస్తున్నదో చూడవచ్చు. 1906 మే 27న సెబు నుంచి 370 మంది కుష్ఠురోగులను ఓడల్లో కూలియన్ దీవికి చేర్చారు. ఆరోగ్య శాఖ డైరెక్టరు విక్టర్ హైజర్ నడిపించిన పని అది. మరుసటి ఏడు చట్టం నంబరు 1711 వచ్చింది. కుష్ఠు ఉన్నవాళ్ళను పట్టుకుని, వాళ్ళు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా వేరుగా ఉంచే అధికారం ఆరోగ్య శాఖకు దఖలు పడింది. తల్లుల నుంచి బిడ్డలను, భర్తల నుంచి భార్యలను విడదీసిన చట్టం అది. దాన్ని నేను వెనకేసుకు రాను. అయినా కనీసం అదొక చట్టం. రోగాన్ని ఓడెక్కించి దీవికి పంపడం పదేళ్ళపాటు కళ్ళెదుట చూసిన నగరంలో, చెడునడతనూ అలాగే పంపెయ్యవచ్చు అనిపించడానికి ఒక్క అడుగే. ఆ అడుగు వెయ్యడానికి ఏ చట్టమూ లేకపోయినా లుక్బాన్ వేశాడు.

ఆయనకు తెలియకపోవడానికి వీల్లేని సంగతి ఇంకొకటుంది. 1892 జూలైలో స్పానిష్ గవర్నర్ జనరల్ విచారణంటూ లేకుండా ఒక మనిషిని అరెస్టు చేయించి, అర్ధరాత్రి వేళ ఓడెక్కించి మిందనావోకు ప్రవాసం పంపాడు. దపితాన్ అనే చోట నాలుగేళ్ళు ఉన్నాడా మనిషి. అక్కడా రోగులకు కళ్ళు బాగుచేశాడు. ఆయనే డాక్టర్ రిసాల్. లుక్బాన్ కంటే రెండేళ్ళు పెద్ద, అంతే. అడక్కుండా, విచారించకుండా మనిషిని రాత్రికి రాత్రి ఓడెక్కించడం పరాయి పాలకుడి పని అని ఆ తరమంతా మండిపడింది. పాతికేళ్ళు తిరిగేసరికి అదే తరం డాక్టరు, అదే దీవికి, అదే వేళకు ఓడలు పంపాడు. స్వదేశీ చెయ్యి పడ్డంత మాత్రాన ఆ పని రంగు మారదు. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికంటే చేదు ముక్క ఇదే.

ఇక ముసలమ్మ పాత్ర. మనీలాలో ఆ పాత్ర వహించింది ఆ స్త్రీల బంధువులు, స్నేహితులు, వాళ్ళు పెట్టుకున్న వకీలు. హెబియస్ కార్పస్ కింద సుప్రీంకోర్టుకెక్కారు. మనిషిని నిర్బంధించినవాడు ఆ మనిషిని తెచ్చి కోర్టు ముందు నిలబెట్టాలి, అంతే ఆ రిట్టు సారం. మేయరు తరఫున వచ్చిన జవాబులు చదివితే కల్పించాల్సిన అవసరమే కనబడదు: ఆ స్త్రీలు ఇప్పుడు మా అధీనంలో లేరు, మేయరు అధికారం మనీలా పొలిమేర దాటదు, దావాలేవో దావావో కోర్టులో వేసుకోవాలి. పైగా ఆ స్త్రీలు అక్కడ సంతోషంగా ఉన్నారంటూ తంతివార్తలు, ప్రమాణపత్రాలు కూడా చూపించారు. వెయ్యి కిలోమీటర్ల అవతల, డబ్బు లేకుండా, తెలిసినవాళ్ళు లేకుండా దిగబడ్డ మనిషి సంతోషం గురించి ప్రభుత్వం తంతి కొట్టడమంటే ఏమనాలి?

కోర్టు ఆ వాదన వినలేదు. తీర్పు రాసింది జార్జ్ మాల్కమ్ అనే అమెరికన్ న్యాయమూర్తి. అంతమందిని అంత దూరం చేర్చే శక్తి ఉన్నవాళ్ళకు వెనక్కి తెచ్చే శక్తి కూడా ఉంటుందన్నాడు. ఇంగ్లండులో అనాథపిల్లల ఆశ్రమాలు నడిపిన డాక్టర్ బర్నార్డో కేసును ఉదాహరించాడు. ఆయనా పిల్లవాణ్ణి వేరొకరికి అప్పగించేశాననీ, ఇక తన చేతిలో లేడనీ చెప్పి తప్పించుకోజూస్తే అక్కడి కోర్టు ఒప్పుకోలేదు. దీనజనోద్ధరణ చేసేవాళ్ళకు ఈ జవాబు ఎందుకో తొందరగా నోటికొస్తుంది.

ఇక చట్టం మాట. మనీలా మేయరుకు పౌరులను ఊరు మార్పించే అధికారం ఇచ్చే చట్టం కోసం కోర్టు వెతికింది. ఒక్కటీ దొరకలేదు. అందుకు విరుద్ధంగా, కోర్టు తీర్పు లేకుండా మనిషిని ఇంటి నుంచి 200 కిలోమీటర్లకు మించిన దూరానికి పంపే అధికారికి జరిమానా వేసే శిక్షాస్మృతి సెక్షను దొరికింది. ఆ స్త్రీలను సంఘం కుష్ఠురోగుల్లా చూస్తే చూడవచ్చు గానీ వాళ్ళు సొంతం చేసుకుని తరలించే సరుకు కాదు, అందరిలాగే రాజ్యాంగ రక్షణ ఉన్న పౌరులు అన్నది ఆ తీర్పు సారాంశం. మేయరు ఉద్దేశం మంచిదేనని కూడా మాల్కమ్ ఒప్పుకున్నాడు. ఒప్పుకుని మరీ తప్పు పట్టాడు.

ఇక్కడ లుక్బాన్‌ను డాక్టరుగానే కాక చట్టసభ మనిషిగా కూడా చూడాలి. రోగి ఒప్పుకోలు లేనిదే కత్తి పట్టకూడదని మొదటి వృత్తి నేర్పింది. చట్టం లేనిదే మనిషి మీద చెయ్యి వెయ్యకూడదని రెండోది నేర్పాలి. బిల్లు మూడుసార్లు చదివి, వాదించి, ఓటు వేస్తే గానీ ఒక్క వాక్యం చట్టం కాదని ఆయన అసెంబ్లీలో కూర్చుని చూసినవాడే. మేయరు కుర్చీలో కూర్చోగానే రెండు వృత్తుల నియమాలూ ఒకేసారి అడ్డం తొలిగాయి. పదవి మనిషిని చెడగొడుతుందంటారు. నాకలా అనిపించదు. మంచి చేస్తున్నామన్న నమ్మకమే ఎక్కువ చెడగొడుతుంది. లంచగొండికి కనీసం భయముంటుంది. వీళ్ళకు అదీ ఉండదు.

లెక్కలు చూడండి. 1918 డిసెంబరు 2న ఆ స్త్రీలను హాజరుపరచమని కోర్టు ఆదేశిస్తే మేయరు పక్షం ఒక్కరినీ తేలేదు. అప్పటికే ఏడుగురు సొంత డబ్బు పెట్టుకుని వచ్చేశారు. కోర్టు రెండో గడువు 1919 జనవరి 13 అంది. రానివాళ్ళుంటే దావావోలో న్యాయాధికారి ముందు ఇష్టపూర్వకంగా రాసివ్వాలి అంది. చివరికి మేయరు తరఫున చెప్పిన లెక్క ఇది: తాము తెచ్చినవాళ్ళు 8 మంది, రామని ప్రమాణపూర్వకంగా రాసిచ్చినవాళ్ళు 81 మంది, తమంతట తాము మనీలా చేరుకున్నవాళ్ళు 59 మంది, ఎంత వెతికినా దొరకనివాళ్ళు 26 మంది.

ఆ 81 మందిని చూపించి, చూశారా, వాళ్ళకు మంచే జరిగింది అనేవాళ్ళుంటారు. జరిగి ఉండవచ్చు. కొందరు అక్కడ పెళ్ళిళ్ళు చేసుకున్నారు, కొందరు పనులు వెతుక్కున్నారు. గార్డెనియా వీధి కంటే దావావో మేలని వాళ్ళకు తోచి ఉంటే అది వాళ్ళ ఇష్టం. అయితే ఆ మాట అడిగింది జనవరిలో, అదీ కోర్టు మెడలు వంచాక. అక్టోబరులోనే గార్డెనియా వీధి గుమ్మంలో నిలబడి, దావావోలో పనుంది, ఓడ ఉచితం, వస్తారా అని అడిగి ఉంటే కొందరు వచ్చేవాళ్ళే. మేయరు పరువూ దక్కేది, 26 మంది లెక్కకు అందకుండా పోయేవాళ్ళూ కాదు. బెస్తవాడి అరుగు మీద రెండు రాత్రులు గడిపే ఓపిక లేకపోవడం వల్ల జరిగిన నష్టమిది.

1919 మార్చి 25న తీర్పు వెలువడింది. మొదటి ఆదేశాన్ని మేయరు పాటించలేదని, అది కోర్టు ధిక్కారమని తేల్చారు. మిగతా అధికారులను వదిలేశారు, ఆయనకు మాత్రం 100 పెసోల జరిమానా వేసి ఐదు రోజుల్లో కట్టమన్నారు. అది చాలదని, ఇంకా గట్టిగా ఉండాల్సిందని వేరుగా రాసిన న్యాయమూర్తి కూడా ఉన్నారు. నేను ఆ పక్షమే. లుక్బాన్ 1920 దాకా మేయరుగానే కొనసాగాడు, 1927లో చనిపోయాడు. ఫిలిప్పీన్స్‌లో స్త్రీలకు ఓటు వచ్చింది 1937లో, అదీ ఏప్రిల్ 30న స్త్రీలే వేసిన జనవాక్యంలో నాలుగు లక్షల నలభై వేలకు పైగా ఔనన్నాక.

జరిమానా చిన్నదే అయినా తీర్పు చిన్నది కాలేదు. పదవిలో ఉన్న మేయరు మీద, ఓటైనా లేని స్త్రీల కోసం, పరాయి పాలన నడుమ ఇచ్చిన తీర్పు అది. ఫిలిప్పీన్స్ లా కాలేజీల్లో హెబియస్ కార్పస్ పాఠం వచ్చినప్పుడు ఈనాటికీ చెప్పేది దాన్నే. అర్జీదారు ఇంటిపేరు, మేయరు ఇంటిపేరు కలిపి దాన్ని ‘విల్లావిసెన్సియో వర్సెస్ లుక్బాన్’ అంటారు.